గుండ్లకమ్మ దాకా నలభై రెండేళ్లు

ఎర్రగుంట్ల పేరయ్య చెప్పులు కుట్టుకుని బతికే మనిషి. ఊరు తాళ్లకొండపాడు, ఒంగోలుకు దాదాపు నలభై మైళ్లు. మాదిగవాడలో పుట్టాడు. బడి ముఖం చూడలేదు. అయినా దేవుడెవరన్న ప్రశ్న ఆయన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. గురువును వెతుక్కుని రాజయోగం నేర్చుకున్నాడు. పగలంతా తోలు పని చేసి, రాత్రి కళ్లు మూసుకుని లోపలి వెలుగు కోసం చూసేవాడు. కొన్నాళ్లకు చుట్టుపక్కల వాడల్లో జనం ఆయన్నే గురువుగా చూడటం మొదలుపెట్టారు. శిష్యులు వచ్చారు కానీ శాంతి రాలేదు.

1860లలో పని మీద ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడ ఒక మిషనరీ బోధ చెవినపడింది. మనిషి దేవుణ్ని వెతకడం సరే, దేవుడే మనిషిని వెతుక్కుంటూ వచ్చాడట. పేరయ్య నిలబడి విన్నాడు. ఇంకా చెప్పమని అడిగాడు. తమ ఊరి వైపు రమ్మన్నాడు. అంత దూరం రావడం ఏలూరు దొర చేతిలో పని కాదు. ఒంగోలుకు ఒక దొర వస్తాడు, వచ్చినప్పుడు వెళ్లి ఆయన్ని కలుసుకో అని చెప్పి పంపాడు.

ఎప్పుడు వస్తాడో చెప్పిన మనిషికీ తెలియదు.

పేరయ్య ఆ ఒక్క మాట మూటగట్టుకుని ఇంటికొచ్చాడు. భార్య నాగమ్మకు చెప్పాడు. చేతిలో పుస్తకం లేదు. ఉన్నా చదవలేడు. చుట్టుపక్కల తోటి విశ్వాసి అంటూ ఒక్కడూ లేడు. విన్న ఆ కాస్తతోనే ప్రార్థన చేయడం మొదలుపెట్టాడు. ఒంగోలు సంత నుంచి వచ్చినవాళ్లను దొర దిగాడా అని ఎన్నిసార్లు అడిగి ఉంటాడో ఊహించుకోవలసిందే.

పేరయ్యకు తెలియని సంగతి ఒకటుంది. ఆ దొరను పంపవలసిన వాళ్లు సముద్రాల అవతల, పంపాలా లేక ఆ పని అంతటితో కట్టిపెట్టాలా అని ఏళ్ల తరబడి తర్జనభర్జన పడుతున్నారు.

* * *

ఈ కథను ఎక్కువగా ఆ అవతలి ఒడ్డు నుంచే చెబుతుంటారు. అది కూడా వినదగ్గదే.

1835 సెప్టెంబరులో శామ్యూల్ డే, ఆయన భార్య రోయెన్నా అమెరికాలోని బోస్టన్‌లో ఓడ ఎక్కారు. తెలుగువాళ్ల మధ్య పని చేయడానికి అమెరికన్ బాప్టిస్టులు పంపిన మొదటి జంట వాళ్లు. 1836లో విశాఖపట్నంలో దిగారు. అక్కడ కొంతకాలం, శ్రీకాకుళంలో కొంతకాలం, ఆ తర్వాత మద్రాసులో. ఎక్కడా కాలు నిలవలేదు. చివరికి 1840లో నెల్లూరు చేరి, ఆ ఏడాదే పెన్నా నీళ్లలో ఒక తెలుగు మనిషికి బాప్తిస్మం ఇవ్వగలిగారు. దేశం విడిచి ఐదేళ్లు. ఫలం ఒక్కరు.

ఆ తర్వాతైనా వేగం పుంజుకోలేదు. తోడుగా వచ్చిన స్టీఫెన్ వాన్ హుసెన్ ఆరోగ్యం చెడి తిరిగి వెళ్లాడు. కొద్ది నెలలకే డే కూడా జబ్బుపడి స్వదేశం చేరాడు. నెల్లూరు మిషన్ బంగళా దొర లేకుండా మిగిలింది. ఖర్చు పెట్టేవాళ్లు అడగవలసిన ప్రశ్నే అడిగారు. బర్మాలో వేలమంది నమ్ముతున్నారు, ఈ తెలుగు దేశంలో పదేళ్లు పోసినా పిడికెడు మంది లేరు, ఎందుకిది? 1846లో మూసేద్దామన్న మాట మొదటిసారి గట్టిగా వచ్చింది. ఒప్పుకోనివాళ్లలో ఒకడు అదోనిరాం జడ్సన్. 1813లో బర్మాలో అడుగుపెట్టిన జడ్సన్, మొదటి విశ్వాసిని చూడటానికి ఆరేళ్లు ఆగాడు. ఖాళీ చేతులతో ఏళ్లు గడపడం అంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మూయలేదు. డే ఆరోగ్యం కూడగట్టుకుని, లైమన్ జ్యుయెట్ అనే యువకుణ్ని, అతని భార్య యుఫీమియాను వెంటబెట్టుకుని 1849లో మళ్లీ నెల్లూరు చేరాడు. నాలుగేళ్లకు జబ్బు తిరగబెట్టింది. 1853లో డే ఇక తిరిగి రాని ప్రయాణం కట్టాడు.

అదే ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో వార్షిక సభ జరిగింది. తెలుగు మిషన్ మాట మళ్లీ బల్ల మీదికి వచ్చింది. మూసేయడానికి కారణాలు బలంగానే ఉన్నాయి. అప్పుడు కార్యదర్శి ఎడ్వర్డ్ బ్రైట్ లేచి అడిగిన ప్రశ్న సభను కట్టేసిందంటారు. నెల్లూరులో ఉన్న ఆ కొద్దిమంది విశ్వాసులకు మిమ్మల్ని వదిలేస్తున్నామని ఉత్తరం ఎవరు రాస్తారు? ఆ ఉత్తరం రాసే చేయి ఎవరిది?

గోడ మీది పటంలో మిషన్ స్థలాలను నక్షత్రాలతో గుర్తించారు. బర్మా వైపు చుక్కలు గుంపుగా ఉన్నాయి. బంగాళాఖాతానికి ఇవతల నెల్లూరు దగ్గర ఒకే ఒక్క చుక్క. ఎవరో దాన్ని ఒంటరి నక్షత్రం అన్నారు. సభలో ఉన్న శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ రాత్రి బసకు వెళ్లి ఆ పేరుతోనే ఒక కవిత రాశాడు. అమెరికా దేశభక్తి గీతాల్లో ఒకదాన్ని రాసిన స్మిత్ ఈయనే. మర్నాడు ఆ కవితను సభలో చదివితే కళ్లు తుడుచుకోనివాళ్లు తక్కువట. మిషన్ నిలిచింది. నెల్లూరుకు ఒంటరి నక్షత్రం అన్న పేరూ నిలిచింది.

ఒక కవిత మనసు మార్చడం మంచిదే. నన్ను మాత్రం బ్రైట్ అడిగిన ఆ ఉత్తరం ప్రశ్నే ఎక్కువగా పట్టి నిలిపింది. ఫలం లెక్కలు చూసుకుంటున్న గదిలో ఒక మనిషి, లెక్కకు అందని నలుగురైదుగురి ముఖాలు గుర్తు చేశాడు. వాళ్ల కోసం ఆగారు. పేరయ్య గురించి ఆ గదిలో ఎవరికీ ఏమీ తెలియదు.

* * *

ఆ నిర్ణయం జరిగిన కొన్ని నెలలకు జ్యుయెట్ దంపతులు నెల్లూరు నుంచి ఉత్తరంగా ఒంగోలు దాకా బోధిస్తూ వచ్చారు. వెంట ముగ్గురు తెలుగు విశ్వాసులు. నర్సు అనే బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు. వీధుల్లో చెప్పిన మాటకు ఒంగోలు చెవి ఒగ్గలేదు.

1854 జనవరి 1. తెల్లవారక ముందే ఐదుగురూ ఊరి పక్క కొండ ఎక్కారు. పుష్య మాసపు చలి, సముద్రం వైపు నుంచి గాలి. కింద చీకట్లో ఊరు, ఊరు చుట్టూ లెక్కలేనన్ని పల్లెలు, ఏ పల్లెలోనూ తమవాడు అనేవాడు లేడు. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. ఈ జనానికి ఒక మనిషిని పంపు ప్రభువా అన్నదే అందరి మనవి. పొద్దు పొడిచాక జ్యుయెట్ కింద కనిపిస్తున్న ఒక ఖాళీ జాగా చూపించి, అది మన మిషన్ బంగళాకు బాగుంటుంది కదా జూలియా అని అడిగాడట. జూలియా అవునంది. తర్వాత 1861లో జ్యుయెట్ ఆ చోటనే కొన్నాడు. ఒంగోలు వాళ్లు ఇప్పటికీ ఆ కొండను ప్రార్థన కొండ అంటారు.

మనవి చేసిన రోజుకూ మనిషి వచ్చిన రోజుకూ మధ్య పన్నెండేళ్లు గడిచాయి.

ఆ పన్నెండేళ్లూ జ్యుయెట్ గొప్ప ఆశతో గడిపాడని ఊహించుకోకూడదు. 1862లో ఒళ్లు చెడి ఆయన కూడా అమెరికా వెళ్లవలసి వచ్చింది. వెళ్లేసరికి మూసివేత మాట మూడోసారి సిద్ధంగా ఉంది. మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగి వెళ్లి, తెలుగువాళ్ల మధ్యే బతికి వాళ్ల మధ్యే చస్తానని జ్యుయెట్ తేల్చి చెప్పాడు. కార్యదర్శి జోనా వారెన్ ఆ మొండి మనిషిని చూసి, అలాగైతే నిన్ను పూడ్చిపెట్టడానికైనా ఒకణ్ని తోడు పంపాలి, ఆ దూరదేశంలో నీకు క్రైస్తవ పద్ధతిలో సమాధి జరగొద్దా అన్నాడట. అలా తోడు దొరికినవాడు జాన్ ఎవరెట్ క్లౌ. భూమి కొలిచే సర్వేయరు పని చేసి వచ్చినవాడు. 1864 నవంబరు 30న బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1865 ఏప్రిల్‌లో నెల్లూరు చేరాడు. పాతికేళ్లకు పైగా జనం చేసిన ప్రార్థనలకు జవాబు ఇలా, సమాధి పని మీద పంపిన మనిషిగా వచ్చింది.

* * *

1866 మార్చిలో జ్యుయెట్, క్లౌ కలిసి ఒంగోలు వచ్చారని విని పేరయ్య, నాగమ్మ నడిచి వచ్చారు.

జ్యుయెట్ ఎదుట కూర్చుని పేరయ్య తనకు తెలిసింది చెప్పాడు. పరాయి దేశపు బోధకుడికి అందులో తాను నేర్పవలసింది పెద్దగా కనిపించలేదు. ఎవరూ చెప్పకుండా, సంఘం లేకుండా, గ్రంథం తెరవకుండా ఈ మనిషి ఇంత లోతుకు ఎలా దిగాడన్నదే ఆశ్చర్యం. ఇద్దరికీ బాప్తిస్మం ఇచ్చారు. పక్కన నిలబడి చూస్తున్న క్లౌకు తెలుగు ఇంకా సరిగా పట్టుబడలేదు. ఈ చెప్పులు కుట్టే మనిషే తన పనికి తలుపు తీస్తాడని ఆయనకు ఆ రోజు తోచి ఉండదు.

ఆ సెప్టెంబరులో క్లౌ కుటుంబం ఒంగోలులో కాపురం పెట్టింది. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం మొదలైంది. ఆ నెలలోనే పేరయ్య కబురు మోసుకొచ్చాడు. మా వైపు నమ్మినవాళ్లు ఉన్నారు, మీరు రావాలి. క్లౌ వెళ్లాడు. పల్లెల నుంచి మనుషులు బియ్యం మూటలు, మార్చుకోవడానికి బట్టలు తెచ్చుకుని వచ్చి చెట్ల కింద మకాం వేశారు. బాప్తిస్మం పొందేదాకా వెళ్లబోమన్నారు. ఐదు రోజుల బోధ తర్వాత 28 మంది నీళ్లలో దిగారు. నెల్లూరులో ఏళ్ల తరబడి జరగనిది ఒక వారంలో జరిగింది. దాని వెనక పేరయ్య ఊరూరా తిరిగి మాట్లాడిన నెలలున్నాయి. అంతకు ముందు, దొర ఎప్పుడొస్తాడో తెలియకుండా ఆయన ఒంటరిగా చేసిన ప్రార్థనలున్నాయి.

ఇక్కడే ఒక పరీక్ష వచ్చింది. ఒంగోలులో అగ్రవర్ణాల వాళ్లు క్లౌ దొరను ఆదరిస్తున్నారు, తమ పిల్లల్ని బడికి పంపుతున్నారు. మాదిగలు సంఘంలో చేరడంతో వాళ్లు ముఖం తిప్పుకున్నారు. వీళ్లను చేర్చుకుంటే మేం రాం. ఇన్నేళ్ల ఎదురుచూపు తర్వాత పెద్ద కులాల వాళ్లు తలుపు దాకా వచ్చి వెనుదిరుగుతుంటే ఏ మిషనరీకైనా గుండె జారుతుంది. ఆ రోజు క్లౌ ఒక గదిలో, భార్య హ్యారియట్ మరో గదిలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా బైబిలు తెరిచారట. ఇద్దరికీ దొరికింది ఒకే చోటు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివర, లోకం తక్కువగా చూసేవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పే మాటలు. ఆ తర్వాత వాళ్లు వెనుకాడలేదు. నాకు ఇందులో రెండు గదుల అద్భుతం కన్నా, దాని తర్వాత వాళ్లు మాదిగవాడల పక్షాన నిలబడి ఉండిపోవడమే పెద్దదిగా కనిపిస్తుంది.

* * *

1876లో వానలు తప్పాయి. మరుసటి ఏడాది కూడా. మద్రాసు రాజధాని అంతటా లక్షల మందిని మింగిన కరువు అది. కలరా తోడైంది. కూలి మీద బతికే మాదిగ, మాల పల్లెలు ముందుగా ఖాళీ అయ్యాయి.

సర్కారు కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. పాత సర్వేయరు క్లౌ అందులో మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నాడు. రాజుపాలెంలో కూలీల మకాం వెలిసింది. సంఘ బోధకులే మేస్త్రీలయ్యారు. కూలి సరిగ్గా చేతికి అందేది. కూలీని కొట్టడం, తిట్టడం లేదు. మధ్యాహ్నం గంపలు దించి కూర్చున్నప్పుడు ఈ మేస్త్రీలే పక్కన కూర్చుని, భారం మోసి అలిసినవాళ్లను తన దగ్గరికి పిలిచిన క్రీస్తు సంగతి చెప్పేవాళ్లు. నెత్తిన మట్టి తట్ట దించినవాళ్లకు ఆ పిలుపు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక జట్టు వెళ్లి ఇంకో జట్టు వచ్చేది. కాలువ గట్టు మీద విన్న మాట వందల పల్లెలకు చేరింది.

వాళ్లు బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు.

నలభై ఏళ్లు ఒక్కొక్కరి కోసం మొరపెట్టిన మిషన్ ఇది. ఇప్పుడు వందలు, వేలు వచ్చి అడుగుతుంటే పదిహేను నెలల పాటు ఒక్కరికీ బాప్తిస్మం లేదు. అంబలి కోసం, కూలి కోసం వచ్చారన్న మాట ఆ జనం మీద పడకూడదని, వాళ్ల విశ్వాసాన్ని రేపు ఎవరూ తక్కువ చేయకూడదని ఆయన పట్టుదల. సహాయపు సొమ్ము అయిపోయేదాకా ఆగమన్నాడు. ఈ పదిహేను నెలలను గురించి తక్కువ మాట్లాడతారు. దేవుని సమయం గురించి ప్రసంగించేవాళ్లలో ఎంతమంది తమ కోత కళ్ల ముందు పండి నిలిచినప్పుడు కొడవలి పక్కన పెట్టగలరు? ఆగడం వేరు, ఆగమని చెప్పి నష్టపోవడానికి సిద్ధపడటం వేరు. ఆ నెలల్లో కలరాతో పోయినవాళ్లు బాప్తిస్మం లేకుండానే పోయి ఉంటారు. క్లౌ ఆ బరువు కూడా మోశాడనే అనుకుంటాను.

1878 జూన్ నెల మధ్యలో, ఒంగోలుకు పది మైళ్ల ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర కూడిక పెట్టాడు. జనం వెల్లువెత్తారు. క్లౌ వాళ్లను చూసి నా దగ్గర ఇక డబ్బు లేదు, ఇళ్లకు వెళ్లండి అన్నాడు. వాళ్లు ఏం జవాబిచ్చారో రాసి ఉంది. మాకు డబ్బు వద్దు, మేం కష్టపడి బతికినవాళ్లమని మా చేతుల బొబ్బలే చెబుతాయి, ఈసారి పంట పోతే చచ్చిపోతాం, చస్తే క్రైస్తవులుగా చస్తాం, అందుకే బాప్తిస్మం ఇవ్వండి.

క్లౌ తిరిగి మాట్లాడలేకపోయాడు.

ఒక్కొక్కరినీ అడిగి, పరీక్షించి, పేర్లు రాయడానికి రోజులు పట్టాయి. జూలై 2న 614 మంది. జూలై 3న 2,222 మంది. జూలై 4న 700 మంది. ఆ మూడు రోజుల్లో 3,536. నీళ్లలో నిలబడింది క్లౌ కాదు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, వీళ్లు అలిసిపోతే వాళ్లు. పొద్దున్నే ఆరింటికి మొదలై, మిట్టమధ్యాహ్నం ఆగి, రెండింటికి మళ్లీ మొదలై పొద్దు వాలేదాకా. గట్టున గుమాస్తా పేరు పిలవడం, మనిషి దిగడం, తడిబట్టలతో ఎక్కి రావడం. ఆ ఏడాది డిసెంబరు నాటికి బాప్తిస్మం పొందినవాళ్లు 9,606.

* * *

శామ్యూల్ డే ఇది చూడలేదు. 1871లో న్యూయార్క్ రాష్ట్రంలో చనిపోయాడు. తెలుగువాళ్ల కోసం దాదాపు పద్దెనిమిదేళ్లు తిరిగి, జబ్బులతో పోరాడి, ఇంటికెళ్లి కన్నుమూసిన ఆ మనిషికి గుండ్లకమ్మ పేరు కూడా తెలిసి ఉండకపోవచ్చు. ఆయన జీవితం దేవుని సమయంలోనే ఉందని నేను నమ్ముతాను. ఆయనతో కూర్చుని ఆ మాట అనడం తేలిక కాదని కూడా తెలుసు.

ఈనాటికీ మా దంతాలపల్లి పక్క చెలకల్లో మృగశిర దాటినా మొగులు పట్టక, పెట్టిన పత్తి గింజ మట్టిలోనే మాడిపోయి, రెండోసారి విత్తనానికి అప్పు చేసే రైతులున్నారు. ఉద్యోగ ప్రకటన కోసం హనుమకొండలో గది అద్దెకు తీసుకుని ఏళ్లు గడిపిన పిల్లలున్నారు. పెళ్లై ఏళ్లు గడిచినా ఒడి నిండక, కూడికలో ప్రతి ఆదివారం అదే ప్రార్థన మనవి చీటీ రాసి ఇచ్చే ఆడబిడ్డలున్నారు. వాళ్లకు దేవుని సమయం వస్తుందమ్మా అని చెప్పి లేచి వెళ్లిపోవడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. వెల్లంపల్లి కథలో ఎవరూ అలా చెప్పి వెళ్లిపోలేదు. బ్రైట్ ఆ ఉత్తరం ఎవరు రాస్తారని అడిగాడు. జ్యుయెట్ తిరిగి వస్తానన్నాడు. జూలియా చలిలో కొండ ఎక్కింది. పేరయ్య విన్నదే పదిమందికి చెబుతూ తిరిగాడు. కనిపెట్టుకుని ఉన్నవాళ్ల పక్కన ఇంకెవరో ఒకరు ఉన్నారు, ఎదుటివాళ్లకు ఆ సంగతి తెలిసినా తెలియకపోయినా.

దేవుడు ఒక మనిషి క్యాలెండరు చూసి పని చేస్తాడని ఈ చరిత్ర చెప్పదు. బోస్టన్‌లో ఓడ ఎక్కినవాడి ఎదురుచూపు, తాళ్లకొండపాడులో చెప్పు కుట్టేవాడి ఎదురుచూపు, రెండూ ఒకదానికొకటి తెలియకుండా సాగాయి. ఇవతల అడిగిన ప్రార్థనకు అవతల జవాబు నడుస్తూనే ఉంది. నడుస్తున్నప్పుడు ఎవరికీ కనిపించలేదు.

వెల్లంపల్లి కూడిక జరిగిన మరుసటి ఏడాది, 1879లో, ఇదే మిషన్ నిజాం రాజ్యంలోని హనుమకొండలో కేంద్రం తెరిచింది. ఆ తర్వాత జనగామకూ వచ్చింది. మన పక్క ఉన్న ఆ బాప్టిస్టు సంఘాల పుట్టుక అక్కడే. హనుమకొండలో దిగినవాళ్లు గుండ్లకమ్మ వార్త తాజాగా చెవుల్లో ఉండగానే దిగారు. ఇక్కడ ఏ వాగు ఒడ్డునా అలాంటి మూడు రోజులు రాలేదు. ఒకరిద్దరిని కూర్చోబెట్టుకుని చెప్పడం, పల్లె నుంచి పల్లెకు నడవడం, విన్నవాళ్లు మళ్లీ వస్తారేమోనని చూడటం. నెల్లూరులో శామ్యూల్ డే చేసిన పనినే వాళ్లు ఇక్కడ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.